రమణి గారి నీళ్ళ కెమెరా

రమణి గారికి ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఈత రాదు. చుట్టూ కాలువలు, రెండు పక్కలా గోదావరి పాయలు, కింద సముద్రం ఉన్న కోనసీమలో పుట్టిన మనిషికి ఈత రాదంటే మగవాళ్ళు నవ్వుతారు గానీ, ఆ తరం ఆడవాళ్ళలో అలాంటివాళ్ళు చాలామందే. వాళ్ళకి తెలిసిన నీళ్ళు బిందెలో నీళ్ళు, రేవులో బట్టలుతికే నీళ్ళు. దిగితే మోకాలి దాకా. అంతే.

ఆవిడ అమలాపురంలో మా ఆడపిల్లల కాలేజీలో జువాలజీ లెక్చరర్. నేను 1998లో అదే డిపార్ట్‌మెంట్‌లో జూనియర్‌గా చేరాను. అప్పటికి ఆవిడ ఈత నేర్చుకుని ఏడాది అయింది. ఆ సంగతి మొదటి వారంలోనే నాకు చెప్పారు. దాచుకునే స్వభావం కాదు ఆవిడది.

తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చిన రోజు ఆవిడ ఐ.పోలవరం దగ్గర పుట్టింట్లో ఉన్నారు. సాయంత్రానికి నీళ్ళు అరుగెక్కి, గుమ్మం దాటి, మంచం కోళ్ళని ముంచేశాయి. తల్లినీ, పక్కింటి ముసలావిడనీ అటక మీదికి ఎక్కించి, తనూ ఎక్కి కూర్చున్నారు. వాళ్ళకేమీ కాలేదు. ఆ చుట్టుపక్కల అందరి సంగతీ అలా లేదు. "అటక మీద కూర్చుని ఒకటే అనుకున్నాను ప్రసన్నా," అన్నారు నాతో. "నీళ్ళలో బతికే ప్రతి జీవి గురించీ పాఠం చెప్పగలను. నీళ్ళు మాత్రం నాకు తెలీవు."

ఈత నేర్పింది అత్తగారు. వీరలక్ష్మి గారు గోదావరి మధ్యలో ఉన్న లంకలో పుట్టిన మనిషి. వరదొస్తే గేదెలతో పాటు ఈదుకుంటూ గట్టెక్కిన బాల్యం ఆవిడది. తుఫాను తర్వాత కోడలు నిద్రలో ఉలిక్కిపడి లేవడం చూసి, "భయపడతా కూర్చుంటే ఈత వస్తాదా అమ్మాయ్? రేపు పొద్దున్నే కాలవలోకి దిగు," అన్నారట. రెండు ఎండు కొబ్బరికాయలు జతగా కట్టి కోడలి పొట్ట కింద పెట్టారు. చిన్నపిల్లలకి నేర్పినట్టే. తనేమో గోచీ పోసిన చీరతో నడుం లోతులో నిలబడి, అరవై దాటిన వయసులో, "కాళ్ళాడించు, కాళ్ళు!" అని కేకలు. గట్టు మీద పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూసేవారట. రమణి గారు ముందు సిగ్గుపడ్డారు, తర్వాత మానేశారు. ఆ వేసవికి నీళ్ళు ఆపి కాలువలు కట్టేసే లోపల కొబ్బరికాయలు లేకుండా అవతలి ఒడ్డుకి వెళ్ళి వచ్చారు.

ఆవిడ భర్త గోవిందరాజులు గారు కొత్తపేట వైపు కొబ్బరితోట, కొంత వరిచేను ఉన్న రైతు. మంచి మనిషి, కాస్త నెమ్మది. భార్య ఏ కొత్త పని మొదలుపెట్టినా ముందు వద్దంటారు, తర్వాత ఆ పనికి కావలసిన సామాను ఆయనే మోస్తారు.

2003 జనవరిలో ఇద్దరూ ఎల్టీసీ మీద అండమాన్ వెళ్ళారు. అక్కడొక దీవిలో, సముద్రం ఒడ్డున, స్క్యూబా నేర్పే చిన్న పాక. అందులో నేర్పే కుర్రాడి పేరు ధర్మరాజు. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వలస వెళ్ళిన కుటుంబం. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగినా ఇంట్లో తెలుగే. చీరలో వచ్చి నిలబడిన నలభై అయిదేళ్ళ ఆవిడ, "బాబూ, నాకు నేర్పుతావా?" అని అడిగితే, అతను నవ్వకుండా, "ఈత వచ్చునా అమ్మా?" అన్నాడట. "కాలవలో నేర్చుకున్నాను." "అయితే ఇది సులువే. కాలవలో అడుగు కనపడదు. ఇక్కడ కనపడతాది."

ఆ రోజు సిలిండరు కట్టుకుని, ధర్మరాజు చెయ్యి పట్టుకుని, ఆరేడు మీటర్ల లోతుకి దిగి వచ్చారు. గోవిందరాజులు గారు ఒడ్డున గొడుగేసుకుని నిలబడి, నీళ్ళ మీదికొస్తున్న బుడగలనే చూస్తూ ఉన్నారట.

తిరిగొచ్చాక నన్ను ల్యాబులోకి తీసుకెళ్ళి గాజు బీరువా తెరిచారు. వరసగా సీసాలు, ఫార్మలిన్‌లో తేలే జంతువులు. సముద్రపు పువ్వు, సముద్ర దోసకాయ, ఈకల్లాంటి చేతులున్న ఆంటిడాన్. ఎన్నేళ్ళ కిందటివో, అన్నీ పాలిపోయి ఒకే రంగులో ఉన్నాయి.

"ఈ సముద్రపు పువ్వు ముద్దని చూపించి పిల్లలకి ఎరుపు అని చెబుతాను. వాళ్ళు రాసుకుంటారు. పరీక్షలో నేనే మార్కులేస్తాను. అది విప్పుకుంటుంది ప్రసన్నా! నీళ్ళలో అరచెయ్యిలా విప్పుకుని, ముడుచుకుంటుంది. నా కళ్ళతో చూశాను. పిల్లలకి ఎలా చూపించను?"

కెమెరా ఆలోచన ఆవిడ బుర్రలోకి ఎక్కింది అప్పుడే.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒక్కరే వెళ్ళి, కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఆ చివరి రోజున ధర్మరాజుని అడిగారట, ఏ కెమెరా కొనుక్కోమంటావని. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడే వద్దమ్మా. మీరింకా నీళ్ళలో నిలబడలేకపోతున్నారు. పైకి పోతారు, కిందికి పోతారు, చేతులు కొడతారు. ఇప్పుడు కెమెరా ఇస్తే, దాన్ని చూసుకుంటూ వెళ్ళి పగడం మీద కూర్చుంటారు. పగడం విరిగిపోద్ది, మీ మోకాలు కోసుకుపోద్ది. ముందు ఊపిరితో నిలబడడం నేర్చుకోండి. లోపలికి తీస్తే లేవాలి, వదిలితే దిగాలి. చేతులు కట్టుకుని ఉండగలిగిన రోజున కెమెరా."

ఆవిడకి కోపం రాలేదు. ఇంటికొచ్చి కాలువలో అదే సాధన. కళ్ళద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని, చేతులు కట్టుకుని, నీళ్ళలో బోర్లా పడి ఉండేవారు. ఊపిరి తీయడం, వదలడం. మొదటిసారి చూసిన పాలవాడు సైకిలు పడేసి, "అయ్యా గోవిందరాజులు గారండీ!" అని కేకలేసుకుంటూ ఇంట్లోకి పరిగెత్తాడు. ఆ తర్వాత వీరలక్ష్మి గారు గట్టు మీద పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరైనా ఆగితే, "బతికే ఉందిలెండి, ఎల్లండి," అనేవారు.

ఆ డిసెంబరులో సునామీ వచ్చింది. మా వైపు సముద్రం కూడా ఓడలరేవు దగ్గర వెనక్కి వెళ్ళి ముందుకొచ్చిందని చెప్పుకున్నారు. ధర్మరాజుకి ఫోను కలవలేదు. సంక్రాంతి సెలవులయ్యాక అతనే చేశాడు. ఇల్లు పోయింది గానీ మనుషులందరూ ఉన్నారన్నాడు. రమణి గారు స్టాఫ్ రూములోనే కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. గోవిందరాజులు గారు మాత్రం, "ఇంక ఆ దీవుల మాట ఎత్తకు," అన్నారు. ఆవిడ కొన్ని నెలలు ఎత్తలేదు. 2005 వేసవిలో ధర్మరాజు పాక మళ్ళీ తెరిచాడని తెలిశాక, దీవుల మాట కాకుండా కెమెరా మాట ఎత్తారు.

అమలాపురంలో కెమెరా అంటే మాకందరికీ సత్తిబాబు గారే. బస్టాండు వెనక వీధిలో స్టూడియో. పెళ్ళిళ్ళకీ, హాల్ టికెట్ల ఫోటోలకీ, గల్ఫ్ పాస్‌పోర్టు ఫోటోలకీ అందరూ ఆయన దగ్గరికే వెళ్ళేవారు. ఆవిడ వెంట నేనూ వెళ్ళాను. విషయం వినగానే ఆయన కుర్చీలో ముందుకి జరిగారు.

"నీళ్ళలోనాండీ! విశాఖపట్నంలో మా స్నేహితుడి దగ్గర ఒకటుందండి. దానికి వేరే పెట్టె అక్కర్లేదు, కెమెరాయే నీళ్ళలోకి దిగుతుంది. ఫిల్ముది. ఇప్పుడంతా డిజిటల్ డిజిటల్ అంటున్నారు గానీ, ఫిల్ములో ఉన్న రంగు దాన్లో ఎక్కడిదండీ? తెప్పించి చూపిస్తాను."

తెప్పించారు కూడా. రాయిలా బరువైన కెమెరా, అందంగానే ఉంది. రమణి గారు చేతిలో తిప్పి చూశారు.

"ఎంత దగ్గరికి వెళ్ళి తియ్యొచ్చండీ దీంతో?"

"మూడడుగులండి. ఇంకా దగ్గరైతే మసక. దూరం మీరే కంటితో అంచనా వేసి ఈ చక్రం తిప్పుకోవాలి."

"నీళ్ళలో అన్నీ ఉన్నదానికంటే దగ్గరగా కనపడతాయండి. నా అంచనా తప్పుతుంది."

"అలవాటవుద్దండి."

"ముప్ఫై ఆరు ఫోటోలు అయిపోతే?"

"పైకొచ్చి రోలు మార్చుకోవాలండి. లోపల కుదరదు."

"ఫోటో బాగా వచ్చిందో లేదో?"

సత్తిబాబు గారు కెమెరా వెనక్కి తీసుకుని నవ్వేశారు. "ఇక్కడికొచ్చి నేను కడిగితేనేనండి తెలిసేది. పెళ్ళిలో అయితే ఫోటో పోయిందనుకుంటే పెళ్ళికొడుకుని ఇంకోసారి తాళి పట్టుకుని నిలబడమంటాను. చేపనేం అడుగుతామండీ? మీకు డిజిటలే నయం. నాకు మనసొప్పకుండానే చెబుతున్నాను."

ఇంక దుబాయి. రమణి గారి తమ్ముడు జనార్దన్ అక్కడ ఏసీ కంపెనీలో సూపర్‌వైజరు. అక్క కెమెరా కావాలన్నదని తెలిసిన దగ్గర్నించీ అతనికి నిలకడ లేదు. ప్రతి శుక్రవారం షాపులన్నీ తిరిగి, సాయంత్రం ఫోను చేసేవాడు. "అక్కా, ఏడు మెగాపిక్సెల్స్‌ది కొత్తగా వచ్చింది. జూమ్ పన్నెండు రెట్లు! ఒడ్డున నిలబడి ఓడలో మనిషి మొహం తియ్యొచ్చు. నువ్వు చేప దగ్గరికి వెళ్ళక్కర్లేదు, ఉన్నచోటు నుంచే లాగెయ్యొచ్చు."

ఆవిడ మర్నాడు ల్యాబులో రెండు గాజు తొట్లు కడిగి పెట్టించారు. ఒకదాంట్లో కాలువ నీళ్ళు నింపి, దాని వెనకాల ఎర్ర మందారం పెట్టి, ఇవతల నుంచి నన్ను చూడమన్నారు. పువ్వు కనపడింది, కొంచెం మబ్బుగా. రెండో తొట్టి కూడా నింపి మొదటి దాని ముందు పెట్టారు. పువ్వు పోయింది. అక్కడేదో ఉందని తెలుస్తోంది, అంతే.

"ఇప్పుడు నీకు భూతద్దం ఇస్తాను. పువ్వు బాగా కనపడుతుందా?"

"మబ్బే పెద్దదిగా కనపడుతుంది మేడమ్."

"అదీ సంగతి. సముద్రం ఇంత మురికిగా ఉండదు, కానీ లెక్క ఇదే. మధ్యలో నీళ్ళు ఎంత తక్కువుంటే అంత మంచిది. రావులపాలెం వంతెన మీద మంచులో బస్సు నంబరు చదవాలంటే జూమ్ ఎందుకు, బస్సు దగ్గరికి నడవాలి గానీ."

ఆ తర్వాత కాలేజీ అయ్యాక రోజూ నెట్ సెంటరుకి వెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడి కుర్రాళ్ళు ఆటలాడుకుంటుంటే మధ్యలో కూర్చుని, ఎక్కడెక్కడి డైవర్లో రాసిన అనుభవాలు చదివేవారు. ఆవిడకి కావలసినవేవో ఒక్కొక్కటిగా తేలాయి. బెత్తెడు దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా తియ్యాలి. నలభై మీటర్ల దాకా నీళ్ళు చొరబడని గట్టి పెట్టె ఆ మోడలుకే విడిగా దొరకాలి. పెట్టె మీద మీటలు పెద్దవిగా ఉండాలి, ఎందుకంటే లోపల చలికి వేళ్ళు మొద్దుబారతాయి. ఫ్లాష్ ఉండాలి. వెనక తెర మీద వెంటనే చూసుకోగలగాలి. ఇవన్నీ కలిసిన కెమెరా చివరికి జనార్దన్ చెప్పిన కొత్తది కాదు, రెండేళ్ళ కిందటి మోడలు. మెగాపిక్సెల్స్ నాలుగే.

"అక్కా, షాపువాడు మొహం అదోలా పెట్టాడు," అన్నాడు జనార్దన్ ఫోనులో. "పాతదాన్ని ఇంత పట్టుబట్టి అడిగేవాళ్ళు లేరన్నాడు. నా పరువు పోయింది."

"పెట్టె ఉందా దానికి?"

"ఆఖరిది ఒకటే ఉంది."

"అయితే పరువు సంగతి తర్వాత చూద్దాం. ముందు అది తీసుకో నాయనా."

సెప్టెంబరులో సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చాడు. కెమెరా అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత. దాని పెట్టె మాత్రం అన్నం కేరియరంత, పారదర్శకంగా గట్టి ప్లాస్టిక్‌తో ఉంది. మూత చుట్టూ ఒక సన్నటి రబ్బరు రింగు. నీళ్ళు లోపలికి రాకుండా ఆపేది అదొక్కటే. దానికి రాయడానికి బొట్టుబిళ్ళ డబ్బా అంత జెల్లీ ఇచ్చారు. గోవిందరాజులు గారు ఆ జెల్లీని వాసన చూసి, "మన గానుగ కొబ్బరినూనె రాస్తే సరిపోదూ?" అన్నారు.

"రబ్బరు ఉబ్బిపోతుందండీ."

"కొబ్బరినూనె వల్ల పాడైంది ఈ లోకంలో ఏదీ లేదు రమణీ," అన్నారాయన నొచ్చుకుని.

కెమెరా లోపల పెట్టకుండా, ముందు ఖాళీ పెట్టెని లోతులోకి దింపి చూడాలని ఆవిడ చదివారు. కాలువ లోతు చాలదు. అందుకని వరద తగ్గాక, నవంబరులో ఒక ఆదివారం ముక్తేశ్వరం రేవుకి బయల్దేరాం. రమణి గారు, గోవిందరాజులు గారు, నేను. ఏరు దాటించే పంటు ఎక్కేవాళ్ళని దాటుకుని, పక్కన చిన్న నావ ఉన్న దేవదానాన్ని అడిగారు.

"బాగా లోతున్న చోటికి తీసుకెళ్ళాలి బాబూ."

"ఆయ్, తీసుకెళ్తానండి. ఏదన్నా పడిపోయిందాండీ?"

"లేదు, ఇది ముంచాలి."

దేవదానం పెట్టెని చూశాడు, గోవిందరాజులు గారి మొహం చూశాడు, ఇంకేమీ అడగలేదు. గౌతమి మధ్యకి వెళ్ళాక గెడ దించి చూపించాడు. "ఇక్కడ అందదండి."

పెట్టెలో కెమెరా బదులు వలకి కట్టే సీసం గుళ్ళు, తెల్లటి మెత్త కాగితం పెట్టి మూత బిగించారు. కొబ్బరిపీచు తాడుకి కట్టి, జారవిడిచారు. గోధుమరంగు నీళ్ళలో అది వెంటనే మాయమైపోయింది. తాడు పట్టుకున్నది గోవిందరాజులు గారు. నావ నెమ్మదిగా కొట్టుకుపోతోంది. అవతల కోటిపల్లి ఒడ్డు మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. కాసేపాగి, "లాగనా?" అన్నారాయన.

పెట్టె పైకొచ్చింది. లోపల కాగితం గోధుమరంగులోకి మారి, ముద్దయి అడుక్కి అంటుకుపోయింది. చెంచాడు నీళ్ళు.

"నీళ్ళు నీళ్ళేనమ్మా," అన్నాడు దేవదానం ఓదార్పుగా. గోవిందరాజులు గారు, "చూసేవా, కెమెరా అందులో ఉంటే ఏమయ్యేది? తిరిగి పంపించేద్దాం," అన్నారు. ఆయన గొంతులో కొంచెం సంతోషం కూడా ఉందని నాకనిపించింది.

రమణి గారు పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, తుడిచి, మూత తీసి, రింగుని వేలికొనతో చుట్టూ తడిమారు. ఒకచోట ఆగారు. గోళ్ళతో పట్టి మెల్లగా లాగారు. పొడుగాటి వెంట్రుక. సగం నెరిసింది. ఆవిడదే. రబ్బరుకి అడ్డంగా పడి, అంత సందు చేసింది.

ఆవిడ దాన్ని ఎండకేసి పట్టుకుని చూశారు. "పెట్టె తప్పు కాదండీ," అన్నారు భర్తతో. తర్వాత చీర కొంగు తలకి గట్టిగా చుట్టుకుని, రింగు తీసి, కళ్ళజోడు గుడ్డతో తుడిచి, జెల్లీ సన్నగా రాసి, కొత్త కాగితం పెట్టి మళ్ళీ బిగించారు. ఈసారి మూత వేసే ముందు నన్ను కూడా చూడమన్నారు. మళ్ళీ దింపాం. ఇంకా ఎక్కువసేపు ఉంచాం. పైకి లాగినప్పుడు బయట బురద, లోపల కాగితం తెల్లగా, ఇస్త్రీ చేసినట్టుంది.

"అబ్బో!" అన్నాడు దేవదానం. గోవిందరాజులు గారు తాడు చుట్ట చుట్టి, పెట్టెని తన తువ్వాలుతో తుడిచి, తిరుగు ప్రయాణంలో తన ఒళ్ళోనే పెట్టుకున్నారు.

2006 జనవరిలో ఆవిడతో నేనూ అండమాన్ వెళ్ళాను. బయల్దేరే ముందు సత్తిబాబు గారు పిలిపించి, ఫిల్ము డబ్బా తెల్ల మూత నుంచి కోసిన చిన్న బిళ్ళ ఇచ్చారు. "ఫ్లాషు ముందు ఇది అంటించండి మేడమ్ గారండి. వెలుగు సూటిగా కొట్టకుండా పరుచుకుంటుంది. పెళ్ళికూతురు మొహానికి మేం చేసేది ఇదే." రమణి గారు దాన్ని పర్సులో వేసుకుని మర్చిపోయారు.

మొదటి రోజు డైవ్ అయ్యాక నావలో కూర్చుని, ముగ్గురం ఆ చిన్న తెర మీదికి వంగాం. నీలం. అంతా నీలమే. నీలంలో చేప తోక, చేప తోక, ధర్మరాజు కాలు, మళ్ళీ తోక. ఫ్లాష్ వెలిగినవాటిలో వడగళ్ళు కురిసినట్టు తెల్లటి చుక్కలు. రమణి గారి మొహం చిన్నబోయింది. ధర్మరాజు మాత్రం తీరిగ్గా చూశాడు.

"ఇద్దరూ తప్పు చేశారమ్మా, మీరూ కెమెరానూ. మీరు చేప వెంట పడ్డారు. వెంట పడితే తోకే దొరుకుద్ది. కెమెరా మధ్యలో ఉన్న నలుసులన్నిటికీ వెలుగు కొట్టింది. రేపు ఒక్కదాని దగ్గరికే వెళ్దాం. కదలనిదాని దగ్గరికి."

అప్పుడు సత్తిబాబు గారి బిళ్ళ గుర్తొచ్చింది. అంటించాం.

రెండో రోజు నేను నావలోనే ఉన్నాను. నాకు అప్పటికీ ఇప్పటికీ ఈత రాదు. ఆవిడ దిగిన తర్వాత బుడగలు ఒకేచోట వస్తూ ఉన్నాయి. అటూ ఇటూ కదల్లేదు. ఊపిరి తీస్తున్నారు, వదులుతున్నారు. కాలువలో బోర్లా పడుకుని నేర్చుకున్నదంతా అక్కడ నడుస్తోందని నాకు పైనుంచే తెలిసింది.

పైకొచ్చి, నావ అంచు పట్టుకుని, ముందు కెమెరా అందించారు. "ఆంటిడాన్ ప్రసన్నా. పగడం కొమ్మ మీద, చేతులన్నీ విప్పుకుని ఉంది. దాని దగ్గరే ఉండిపోయాను. నల్లగా ఉంది, గోధుమ నలుపు. మన పుస్తకంలో ఎరుపని ఎందుకు రాశారో మరి." ఎక్కి కూర్చుని, తల తుడుచుకుంటూ మీట నొక్కారు.

తెర మీద ఎరుపు.

పారాణి ఎరుపు. ఈకల చివర్లు మాత్రం పసుపు. ఆవిడ కళ్ళజోడు లేకుండా తెరని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. మళ్ళీ వెనక్కి నొక్కి, ఇంకో ఫోటో. అదీ ఎరుపే.

"నేను చూసింది ఇది కాదు," అన్నారు.

"ఇదేనమ్మా," అన్నాడు ధర్మరాజు. "ఎండలో ఉన్న ఎరుపు అంత లోతుకి దిగదు. పైనుంచి వచ్చే వెలుగులో ఎరుపు దారిలోనే హరించుకుపోతాది. మీరు దగ్గరికెళ్ళి ఫ్లాష్ కొట్టారు కదా, ఆ క్షణం దానికి ఎరుపు దొరికింది. మీ కంటికి అందలేదు, కెమెరాకి అందింది."

ఇది ఫిజిక్సు. ఆవిడకి తెలియని విషయం కాదు. అయినా నావ ఒడ్డుకి చేరేదాకా ఆవిడ ఆ ఫోటోలనే వెనక్కీ ముందుకీ నొక్కి చూస్తూ ఉన్నారు. మధ్యలో ఒకసారి, "నా మొహం ముందు ఉండి కూడా కనపడలేదు," అని తనలో తను అనుకున్నారు. ఆవిడ ఏడుస్తున్నారేమో అనుకున్నాను. కాదు, నవ్వుతున్నారు.

తిరిగొచ్చాక ల్యాబులో టీవీ పెట్టించి, కెమెరాకి తీగ కలిపి, ఫైనలియర్ వాళ్ళకి చూపించారు. బొమ్మలు మొదలయ్యాక కామర్స్ పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరారు. ఆంటిడాన్ వచ్చినప్పుడు ఓడలరేవు నుంచి బస్సులో వచ్చే దుర్గాశ్రీ అనే అమ్మాయి, చేపల వేట చేసే ఇంటి పిల్ల, చెయ్యెత్తింది.

"మేడమ్, ఇది మా నాన్న వలకి తగులుకుని వస్తాదండి. నల్లగా, చిక్కుపడిన పీచులాగ ఉంటాది. వల దులిపితే పడిపోద్ది. ఇది పువ్వులాగ ఉంటాదని మా ఇంట్లో ఎవరికీ తెలీదండి. మా నాన్నకి ఒకసారి చూపిస్తారాండీ?"

ఆ శనివారం వాళ్ళ నాన్న యేసురత్నం వచ్చాడు. చెప్పులు ల్యాబు బయట విడిచి, టీవీకి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చూశాడు. "మళ్ళీ ఒకసారి వేస్తారాండీ?" అన్నాడు. వేశారు. వెళ్ళేటప్పుడు మాత్రం ఒక మాటన్నాడు. "పుట్టిన కాణ్ణించీ సముద్రం మీదే తిరుగుతున్నానండి. కింద ఇంత సంబరం ఉందని అనుకోలేదండి."

ఆ తర్వాత ఏటా ఒకసారి రమణి గారు వెళ్ళి వచ్చేవారు. మెల్లగా ల్యాబు బీరువాలో ప్రతి సీసా పక్కనా ఒక రంగుల ఫోటో చేరింది. సత్తిబాబు గారే ప్రింట్లు వేసి ఇచ్చేవారు. కొన్నిటికి ఫోటో ఎప్పటికీ దొరకలేదు, ఆ చోట్లు అలాగే ఖాళీ. వీరలక్ష్మి గారు 2007లో పోయారు. కోడలు తీసిన ఫోటోల్లో ఆవిడకి నచ్చింది ఒకటే, మొదటి రోజుది, ధర్మరాజు కాలు ఉన్నది. "కాళ్ళాడిస్తున్నాడు, చూడు, ఎంత చక్కగా ఆడిస్తున్నాడో," అనేవారు.

2008లో గోవిందరాజులు గారు తనూ వస్తానన్నారు. నీళ్ళలో దిగననీ, నావలో కూర్చుంటాననీ ముందే చెప్పి మరీ బయల్దేరారు. ఆ ట్రిప్పులో నేనూ ఉన్నాను. కెమెరా మీటల్లో ఒకటి ఉప్పుకి బిగుసుకుపోయింది. రమణి గారు దాన్ని అలాగే వాడుతున్నారు. ఆవిడ నీళ్ళలోకి దిగిన తర్వాత ఆయన బుడగల వంక చూడలేదు. ఎదురుగా దీవి ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్లు చూస్తూ, నావవాడిని ఏదో అడుగుతూ, చివరికి అతని చేత నావని ఒడ్డుకి పట్టించి, రాలిన కాయలు రెండు ఏరుకొచ్చారు. అప్పటికి మా కోనసీమ తోటల్ని నల్లి తెగులు పట్టి కొన్నేళ్ళయింది. కాయ పైన గజ్జి పట్టినట్టు పగుళ్ళు, లోపల కొబ్బరి చిక్కిపోవడం. ఆయన ఒక కాయని గోటితో గీకి, తొడిమ కింద చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

రమణి గారు పైకి తేలి నోట్లో గొట్టం తీశారు. "ఏవండీ, ఇవాళ ఆక్టోపస్! రాయి కింద నుంచి చెయ్యి చాపి కెమెరా అద్దాన్ని పట్టుకుంది, వదల్లేదు!"

"రమణీ, ఇక్కడ కాయకి నల్లి లేదు!" అన్నారాయన అదే క్షణంలో, కాయ పైకెత్తి చూపిస్తూ. "చూడు, ఎంత నున్నగా ఉందో!"

"చెయ్యి చాపిందండీ!"

"ఒక్క మచ్చ లేదు!"

ఇద్దరూ ఆగి, ఒకరినొకరు చూసుకున్నారు. నావవాడు నవ్వాడు. గోవిందరాజులు గారు కాయ కింద పెట్టి, ముందుకి వంగి, ఆవిడ అందించిన కెమెరాని రెండు చేతులతో జాగ్రత్తగా అందుకున్నారు.

"ముందు నీది చూపించు," అన్నారు.